ఈ మందు ఏ క్రిమికి?

కృష్ణా డెల్టాలో వరి పండించే కుటుంబాలకు రెండు తెగుళ్లు బాగా తెలుసు. అగ్గితెగులు సోకిన ఆకుమీద నూలుకండె ఆకారంలో, నడుమ బూడిదరంగుతో మచ్చలు లేస్తాయి. ఎండాకు తెగులులో ఆకు కొననుండి అంచుల వెంబడి పసుపుబారి ఎండిపోతుంది; తెల్లవారి చూస్తే ఆకుమీద పచ్చని జిగురు బొట్లుంటాయి. మొదటిదానికి కొట్టే ట్రైసైక్లజోల్ రెండవదానిమీద పనిచేయదు. అక్కడ యూరియా ఆపి, పొలంలో నీరు తీసివేయుటే ముందు చేయవలసిన పని.

కారణం తెగులు పుట్టించే జీవి కణంలో ఉన్నది. అగ్గితెగులు శిలీంద్రం వల్ల, అనగా బూజు జాతి వల్ల వస్తుంది. దాని కణంలో పొర చుట్టిన కేంద్రకం, అందులో వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఎ. ఉంటాయి. బడి పుస్తకాలలో దీనిని నిజకేంద్రక కణమంటారు. వరి మొక్క, గేదె, మనము, అందరమూ ఈ తెగవారమే! ఎండాకు తెగులును కలిగించేది బాక్టీరియా. అది కేంద్రకపూర్వ కణం. వంట, పడక, ధాన్యం బస్తాలు అన్నీ ఒకే పాకలో ఉన్నట్లు దాని డి.ఎన్.ఎ.కు వేరే గది లేదు. మన కణాలలో అనేకం దానికి పదింతల పొడవు.

మాంసకృత్తులు తయారుచేసే రైబోజోములు రెండింటిలోను ఉన్నవి గాని, బాక్టీరియావి చిన్నవి, నిర్మాణం వేరు. టెట్రాసైక్లిన్ జాతి మందులు ఈ తేడానే పట్టుకొని బాక్టీరియాను ఆపుతాయి, మన కణాలను చాలవరకు విడిచిపెడతాయి. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థనుండి వెలువడింది. కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ సంవత్సరమే ఆయన కన్నుమూశారు. పెన్సిలిన్ దారి వేరు. బాక్టీరియా చుట్టూ ఒక గోడ ఉంటుంది, మన కణానికి లేదు. పెన్సిలిన్ ఆ గోడను కట్టనివ్వదు.

ఇక ఇంటి సంగతి. తామర శిలీంద్రమే. గనుక పిల్లవాని నడుముకు తామర పట్టినప్పుడు, అలమరలో మిగిలిన టెట్రాసైక్లిన్ బిళ్ళలు వేయుట వ్యర్థం. ఎనిమిదేండ్లలోపు వానికైతే పళ్ళకు చెరగని మరకలు పడవచ్చును. జలుబును తెచ్చే వైరస్ అసలు కణమే కాదు, దానికీ ఈ బిళ్ళలు పనిచేయవు. శిలీంద్ర కణం మన కణాన్ని పోలియుండుటచేత, దానిని మాత్రమే చంపే మందులు తక్కువ, వాటిని వారాల తరబడి వాడవలెను. దురద తగ్గగానే మానివేసినవారికి తామర తిరిగి వచ్చుట మేము గ్రామాలలో చూస్తూనే ఉన్నాము.