డొనేషను - దానము

ఆంగ్లమునందలి 'డొనేషను' శబ్దము మన 'దానము' నుండి పుట్టినదని పలువురు చెప్పుచుందురు. విద్యార్థిదశలో మేమును అట్లే నమ్మితిమి. ధ్వనిసామ్యము నిజమే గాని, నిర్ణయము సరికాదు.

డొనేషనునకు మూలము లాటినునందలి 'దోనుమ్'. కానుక యని దాని యర్థము. దోనుమ్, దానము రెండును ఇచ్చుట యను నర్థముగల ఒకే ధాతువునుండి ఏర్పడినవి. కావున నివి తల్లీబిడ్డలు గావు, అక్కచెల్లెండ్రు. తల్లి ఇండో-యూరోపియను మూలభాష. 1786లో కలకత్తాలో విలియం జోన్సు ప్రకటించినది ఈ భాషల బాంధవ్యమునే. మందు మోతాదును దెలుపు 'డోసు' సైతము ఈ కుటుంబమునదే. గ్రీకున 'దోసిస్' అనగా ఇచ్చుట.

'డొనేట్' అను క్రియ కథ వేఱు. నామము 15వ శతాబ్దినాటికే ఆంగ్లమున నున్నది. క్రియ యన్ననో, ఆ నామమునుండియే వెనుకకు కల్పింపబడి, ఎంతో కాలమునకు అమెరికాలో వ్యాప్తి గాంచినది. శిష్టవాదులు కొందఱు దానిని అసాధు వనిరి. క్రియనుండి నామము పుట్టుననియే నేర్చిన మనకు ఇది వింతయే.

తెలుగున 'ఇచ్చు', 'ఈవి' ద్రావిడ పదములు. వీనికి లాటినుతో చుట్టఱికము లేదు. దానము సంస్కృతమునుండి గైకొన్నది. డొనేషనును సైతము మనము గైకొంటిమి గాని, బడిలో చేర్చుకొనుటకై యాజమాన్యము తానే నిర్ణయించి పుచ్చుకొను సొమ్మునకు ఆ పేరిడితిమి. దానిని దానమని మాత్రము ఎవ్వరును అనరు.