నూనె మరక ఎక్కడిది?

మన పల్లెలలో పాత కార్లు ఇంకను తిరుగుచున్నవి. పట్నము వారు అమ్మివేసిన అంబాసిడర్లు, మారుతీలు మన మండలాలకు వచ్చి, మరి కొన్ని సంవత్సరాలు సేవ చేస్తాయి. అంబాసిడర్ కారును పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుండి తయారు చేసి, 2014 మే నెలలో ఆపివేశారు. కనుక ఈ రోజు రోడ్డు మీద కనబడే ప్రతి అంబాసిడర్ పాత బండే. అటువంటి బండి నిలిపిన చోట తెల్లవారి చూస్తే నేల మీద నల్లటి మరక ఉంటుంది. "పాత బండి కదా, కారకుండా ఉంటుందా" అని మట్టి చల్లి ఊరుకొంటాము. ఆ మాటలో నిజము కొంతే.

బిజినేపల్లిలో మా సంఘము వాడుకొనే బండి కూడా అంబాసిడరే. పెట్రోలుది, 1489 సీసీ ఇంజను. పండుగలకు, పెండ్లిండ్లకు కంటె దీనికి పెద్ద పని ఒకటి ఉన్నది. మా సంఘపు పెద్దమ్మ ఒకరిని వారానికి రెండు మార్లు, సోమవారము, గురువారము, డయాలసిస్ కొరకు మహబూబ్‌నగర్ తీసికొని పోవాలి. పోయేటప్పుడు బస్సులో పోగలదు గాని, వచ్చేటప్పుడు ఆమె నిలబడలేదు. ఆ బండి ఒక్క వారము ఆగినా ఆమెకు ప్రాణము మీదికి వస్తుంది.

ఒక గురువారము తిరిగి వచ్చిన తరువాత కాలిన నూనె వాసన వచ్చినది. బానెట్ ఎత్తితే సన్నటి పొగ. క్రింద చూస్తే ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోట నూనె చుక్కలు. చూపించిన ఒక మెకానిక్, "అయ్యగారూ, వెనుక సీలు పోయింది. ఇంజను దించాలె, పది రోజులు పడ్తది" అన్నాడు. పది రోజులంటే డయాలసిస్ మూడు మార్లు. ఖర్చు సంగతి సరే, ఆ మూడు ప్రయాణాలకు ఏమి చేయాలి?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మెకానిక్ అబద్ధమాడలేదు. చుక్క పడే చోటును చూచి చెప్పాడు. అయితే నూనె పైన కారినా క్రిందనే కనబడుతుంది. బండి నడుస్తుంటే ఫ్యాను గాలి దానిని వెనుకకు తోస్తుంది, బరువు క్రిందికి లాగుతుంది. పైన టాపెట్ కవరు దగ్గర పుట్టిన నూనె, ఇంజను ప్రక్క నుండి జారి, చివరకు గేర్‌బాక్సు దగ్గర చుక్క కడుతుంది. మా మనస్సులో సందేహము పుట్టించినది ఆ పొగే. ఈ ఇంజనులో సైలెన్సర్ గొట్టము తగిలించే మ్యానిఫోల్డు ఎడమ వైపున, టాపెట్ కవరుకు క్రిందుగా ఉంటుంది. వెనుక సీలు కారితే ఆ నూనె పైకి ఎక్కి వేడి మ్యానిఫోల్డు మీద కాలదు గదా!

కనుక శుక్రవారము ఉదయము, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ తీగ ఊడదీసి, బ్రష్షుతో కిరోసిన్ పూసి ఇంజనంతా తుడిచాము. డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు తడవకుండా గుడ్డలు కప్పాము. కిరోసిన్ తడి పూర్తిగా ఆరిన తరువాత, కవరు అంచు చుట్టు, ప్రక్కలకు పిల్లల ముఖానికి వేసే పౌడరు చల్లి, పాలెం దాకా పోయి వచ్చాము. టార్చి వేసి చూస్తే పౌడరు ఎడమ వైపు, కవరు అంచు వెంబడి బెత్తెడు మేర తడిసి ఉన్నది. వెనుక క్రింద పొడిగానే ఉన్నది. దించవలసినది ఇంజను కాదు, పై మూత!

ఆ మూతకూ ఇంజనుకూ మధ్య ఉండే కార్కు పట్టీనే గ్యాస్కెట్ అంటారు. మన మెకానిక్కులు ప్యాకింగు అంటారు. ఏండ్ల తరబడి వేడికి అది చెక్క వలె గట్టిపడి పగులుతుంది. అప్పుడు చాలామంది చేసే పని పానా తీసికొని నట్లు ఇంకా బిగించడము. దాని వలన మేలు లేదు. ఎండిన కార్కు నలిగి ముక్కలవుతుంది, రేకు మూత నట్ల దగ్గర వంగి రెండు నట్ల నడుమ పైకి లేస్తుంది. ముందు చుక్కలుగా వచ్చినది తరువాత ధారగా వస్తుంది.

ప్యాకింగు మాకు స్థానికముగా దొరకలేదు. సికింద్రాబాదు రాణీగంజ్ వైపు పోయే ఒక తమ్ముడు తెచ్చిపెట్టాడు. దొరకని వారు కార్కు షీటు కొని, పాతదానిని అచ్చుగా పెట్టి కోసికొనవచ్చును. అంగడిలో మేకుకు వ్రేలాడి ఎండిన కార్కు కుంచించుకొని పొట్టిగా కనబడితే పారవేయవద్దు. తడి గుడ్డలో కొంతసేపు చుట్టి ఉంచితే మరల కొలతకు వస్తుంది. మన పాలమూరు ఎండలకు ఇది తరచుగా అవసరపడే ఉపాయము.

పని శనివారము చేశాము. ఈ కవరును పట్టి ఉంచేవి పైన రెండే నట్లు. ఇవి అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ల పానా పెడితే జారి మూలలు అరుగుతాయి. నట్లు, వాటి క్రింది కప్పు వాషర్లు, రబ్బరులు ఊడదీసి వరుసగా పళ్లెములో పెట్టాము. కవరు అంటుకొని ఉంటే అరచేతితోగాని చెక్కతోగాని తట్టాలి. స్క్రూడ్రైవరు దూర్చి లేపకూడదు, అంచు వంగుతుంది. మూత లేవగానే లోపల రాకర్లు, స్ప్రింగులు కనబడతాయి. చూడముచ్చటగా ఉంటాయి, పిల్లలు తప్పక తొంగి చూస్తారు. వెంటనే శుభ్రమైన గుడ్డ కప్పాలి. పాత కార్కు ముక్క ఒక్కటి లోపల పడినా నూనె దారికి అడ్డము కావచ్చును.

పాత కార్కు గీకిన తరువాత కవరును షాబాదు బండ మీద బోర్లించి చూచాము. బండకూ అంచుకూ మధ్య ఒక చోట వెలుగు కనబడినది. ఎవరో ఎప్పుడో అతిగా బిగించిన గుర్తు అది. చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా సరిచేశాము. ఇది చేయకుండా ఎంత మంచి ప్యాకింగు వేసినా వ్యర్థమే.

ఇంకొక సంగతి. ఇంజను లోపలి పొగ, ఆవిరి బయటికి పోవడానికి కవరు నుండి ఎయిర్ క్లీనరుకు ఒక రబ్బరు గొట్టము ఉంటుంది. ఇంజను ఊపిరి విడిచేది దానిలో నుండే. మా బండిలో అది నల్లటి జిగురుతో సగము మూసికొని పోయినది. ఊపిరికి దారి లేనప్పుడు లోపలి ఒత్తిడి నూనెను బలహీనమైన చోట నుండి బయటికి తోస్తుంది. ప్యాకింగు మార్చిన నెలకే మరల కారినదని బాధపడే వారు ఈ గొట్టమును చూచారో లేదో అడగాలి. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, నోటితో ఊది చూచి పెట్టాము.

ప్యాకింగును కవరు వైపు మాత్రమే పలుచని గమ్ముతో అంటించి ఆరనిచ్చాము. ఇంజను వైపు గమ్ము పూయలేదు, వేలితో కొంచెము నూనె రాశాము. అలా చేస్తే మరొకసారి విప్పినప్పుడు చిరగదు. క్రొత్త రబ్బరులు వేసి, ఒక నట్టు కొంచెము, మరొక నట్టు కొంచెము, మార్చి మార్చి బిగించాము. ఈ జాతి ఇంజనులకు ఈ నట్ల బిగువు నాలుగు అడుగు-పౌండ్లు మాత్రమే. అనగా అర అడుగు పానా కొసను సుమారు మూడున్నర కిలోల బరువుతో లాగినంత. రెండు వ్రేళ్లు చాలును. మాలో బలమైన యౌవనస్థుడిని ఆ సమయములో టీ తేవడానికి పంపించాము!

డిప్‌స్టిక్ చూస్తే నూనె క్రింది గీతకు దిగి ఉన్నది. ఈ ఇంజనులో పట్టేది సుమారు నాలుగు లీటర్లే. గీత దిగిపోయిన తరువాత కూడా నడిపితే బేరింగులు ఎండి ఇంజను పట్టివేస్తుంది. పదిమంది కన్యకల ఉపమానము మన సండేస్కూలు పిల్లలందరికి తెలుసు. నడిరాత్రి దారిలో నూనె అరువు ఇచ్చేవారు మన రోడ్ల మీద కూడా లేరు. 20డబ్ల్యూ-40 నూనె గీత వరకు పోసి, ఇరవై నిమిషాలు ఇంజను నడిపి చూచాము. పొడిగా ఉన్నది. సోమవారము పెద్దమ్మ మహబూబ్‌నగర్ వెళ్లి వచ్చినది. వారము తరువాత, కార్కు కొంచెము అణుగుతుంది కనుక, మరల రెండు వ్రేళ్లతో నట్లు సరిచూచాము.

ఈ పని ఇంటి దగ్గర చేయగలిగినది గనుక వ్రాశాము. హెడ్ గ్యాస్కెట్ వేరు. నూనె మజ్జిగ వలె తెల్లగా మారినా, బయట కారకుండానే రేడియేటరులో నీళ్లు తగ్గుచున్నా, తెల్లటి పొగ ఆగకుండా వచ్చినా, రేడియేటరులో బుడగలు లేచినా అది ఇంటి పని కాదు. హెడ్డు చదునుగా ఉన్నదో లేదో మిషను మీద చూడవలసి రావచ్చును. నట్లను వరుస ప్రకారము, కొలత ప్రకారము బిగించాలి. అక్కడ అనుభవము గల మెకానిక్‌కే అప్పగించండి. మరియు పాత హెడ్ ప్యాకింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని పొడి ఊపిరితిత్తులకు చాలా చేటు. గీకి నోటితో ఊదవద్దు, పిల్లలను దగ్గరకు రానీయవద్దు, తడిపి తీసి సంచిలో మూట కట్టండి.

పని అయిన తరువాత మిగిలిన నల్ల నూనెను కొందరు పశువుల పుండ్లకు రాస్తారు, దూలాలకు పూస్తారు, లేదా గట్టు వెంబడి పారబోస్తారు. దానిలో లోహపు రజను, కాలిన రసాయనాలు ఉంటాయి. పశువు నాకితే హాని, భూమిలో ఇంకితే బోరు నీళ్లకు హాని. మేము మూత గల డబ్బాలో పోసి, పాత ఆయిలు సేకరించే మెకానిక్ షెడ్డులో ఇచ్చాము. నూనె, కిరోసిన్ తుడిచిన గుడ్డలను పొయ్యి ఉన్న గదిలో పెట్టకండి.