గుహ కప్పున డికిన్సోనియా

భోపాలునకు దాపున నున్న భీంబెట్కా గుహలు ఆదిమానవుని చిత్రములకు పేరొందినవి. 1957లో వాకణ్కర్ వానిని లోకమునకు ఎరుకపరచినది మొదలు చూపులన్నియు ఆ బొమ్మలమీదనే. 2020లో వచ్చిన ఒరెగాన్ విశ్వవిద్యాలయాచార్యుడు రెటలాక్ మాత్రము తల పైకెత్తి, పదకొండడుగుల యెత్తున కప్పునంటియున్న ఆకువంటి ఆకృతిని చూచెను. నడుమ ఈనె, ఇరుప్రక్కల చారలు. అచ్చముగా డికిన్సోనియా! ఎముకలేని ఆ మెత్తని జీవి యించుమించు 55 కోట్ల యేండ్ల నాటిది. 1946లో ఆస్ట్రేలియాలోని ఎడియాకరా కొండలలో స్ప్రిగ్ దానిని తొలుత కనుగొనెను.

భీంబెట్కాలో ముక్క తీయలేదు. ఛాయాచిత్రములే ముఖ్యాధారము. ఛాయాచిత్రము రూపును చూపును గాని, ఆ రూపు రాతిలోనిదో రాతిపైదో చెప్పజాలదు గదా! అయినను దానిపై వింధ్యశిలల వయస్సే ఆధారపడెను. జిర్కాన్ రేణువులను బట్టి ఆ పైపొరలు సైతము నూరుకోట్ల యేండ్లవని ఫ్లోరిడా విశ్వవిద్యాలయాచార్యుడు మీర్ట్ మున్నే లెక్కకట్టియుండెను. ఈ యొక్క ఆకృతి ఆ లెక్కను ఇంచుమించు సగమునకు కోసివేసినది.

మీర్ట్ బృందము గుహకు పోయి కన్నులార చూచెను. శిలాజమనుకొన్నది రాతినుండి ఊడి శిథిలమగుచున్నది! కోట్ల యేండ్లు నిలిచినది రెండుమూడేండ్లలో ఊడునా? ఆ చెంతనే తేనెపట్టులు. కప్పున మిగిలినదియు ఒక పాతపట్టు మైనమే యని వారు 2023లో ప్రకటించిరి. రెటలాక్ ఒప్పుకొనెను, పండితులలో అరుదైన గుణమిది. వింధ్యశిలల వయస్సు మరల నూరుకోట్ల వైపునకే మొగ్గినది.