తీగ మందమైతే మోత పెరుగుతుందా?

గుంటూరు నుంచి ఒంగోలు దాకా పత్తి, మిరప పండే ఊళ్ళకు గిటార్ కొత్త కాదు. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషన్ విస్తరించింది. ఆ పరంపరలో వెలిసిన చర్చిల పాటల బృందాల్లో హార్మోనియం, డోలక్‌ల సరసన గిటార్ కూడా చేరింది. వాటిలో ఒక రకానికి నడుమ గుండ్రటి రంధ్రం ఉండదు. వయొలిన్‌కు ఉన్నట్టు రెండు పక్కలా ‘ఎఫ్’ ఆకారపు చీలికలు ఉంటాయి. పై పలక కొద్దిగా ఉబ్బి ఉంటుంది. తీగలు బ్రిడ్జి మీదుగా సాగి, పెట్టె చివర బిగించిన లోహపు టెయిల్‌పీస్‌కు తగులుకుంటాయి. దీన్నే ఆర్చ్‌టాప్ అంటారు. కోల్‌కతాలో తయారై మన పట్టణాల సంగీత దుకాణాలకు చేరిన చవక గిటార్లలో కొన్ని దీనికి దూరపు చుట్టాలు. దీనికి ఏ తీగలు వెయ్యాలని అడిగితే సాధారణంగా వినిపించే సలహా ఒక్కటే: మోత కావాలంటే లావు తీగ వెయ్యి. ఈ సలహాలో సగమే నిజం. తీగ చెయ్యాల్సిన పనేమిటో తేల్చుకోకుండా దాని మందం తేల్చుకోలేం.

ఆ సగం నిజం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. అమెరికాలోని కలమజూ పట్టణంలో ఓర్విల్ గిబ్సన్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వయొలిన్ పద్ధతిలో పలకను చెక్కి మాండలిన్లు, గిటార్లు చేశాడు. ఆయన పేరుతో వెలసిన కంపెనీ 1922లో ఎఫ్ చీలికలతో ఎల్-5 అనే గిటార్ తెచ్చింది. అవి నాట్యశాలల్లో పెద్ద బ్యాండ్లు వాయించే రోజులు. అరడజనుకు పైగా బాకాలు, డ్రమ్ముల మధ్య మైకు లేని గిటార్ వినిపించాలి. అందుకే గట్టి పలక, ఎత్తయిన బ్రిడ్జి, లావు తీగలు. కౌంట్ బేసీ బ్యాండులో 1937లో చేరి సుమారు యాభై ఏళ్ళు గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ మందపాటి తీగలను మెట్లకు బాగా ఎత్తున ఉంచి, సోలోల జోలికి దాదాపు పోకుండా తాళం మాత్రమే నడిపాడు. లావు తీగ సలహాకు మూలపురుషులు ఇలాంటివాళ్ళే. ఆయన చెయ్యి, ఆయన పని వదిలేసి తీగ మందం ఒక్కటే ఎరువు తెచ్చుకోవడం దగ్గరే చిక్కంతా.

తీగ లెక్క 1636 నాటికే ఫ్రెంచి పండితుడు మెర్సెన్ తేల్చి పెట్టాడు. పొడవు, శ్రుతి మారకుండా మందం పెంచితే బిగువు మందం వర్గంగా పెరుగుతుంది. మామూలు గిటార్ పొడవులో, పై స్థాయి ‘ఇ’ శ్రుతికి పన్నెండో నంబరు తీగ, అంటే అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతుల మందమున్న ఉక్కు తీగ, సుమారు 10.6 కిలోల బరువుతో లాగుతుంది. పదమూడో నంబరు వేస్తే 12.4 కిలోలు. మందం ఎనిమిది శాతం పెరిగితే లాగుడు పదిహేడు శాతం పెరిగిందన్నమాట. ఇప్పుడు రెండింటినీ ఒకే బలంతో మీటామనుకుందాం. బిగువు ఎక్కువున్న తీగ తక్కువ దూరమే కదులుతుంది. బ్రిడ్జి మీద పడే ఊపు మాత్రం మన వేలు పెట్టిన బలాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి అదే చేత్తో అదే మీటు మీటితే లావు తీగ వల్ల మోత పెరగదు. అది ఇచ్చేది వేరొకటి: ఇంకా గట్టిగా కొట్టినా మెట్లకు తగిలి జరజరమనకుండా తట్టుకునే ఓపిక. ఆ ఓపికను వాడుకునే కుడిచెయ్యి ఉంటేనే మోత. లేకపోతే మిగిలేది ఎడమచేతి వేళ్ళ నొప్పి. ఇంకొక అపోహ కూడా ఇక్కడే తీరుతుంది. సన్న తీగ త్వరగా తెగుతుందంటారు గాని, ఒకే పొడవులో ఒకే శ్రుతికి బిగిస్తే చదరపు మిల్లీమీటరుకు పడే ఒత్తిడి రెండింటికీ సమానమే. తెగడానికి కారణం ఎక్కువగా తుప్పు, బ్రిడ్జి దగ్గరి పదును అంచు, లేదా అతిగా బిగించిన శ్రుతి.

ఆర్చ్‌టాప్‌కు ఒక సౌలభ్యం ఉన్న మాట నిజం. పలక చదునుగా ఉండే మామూలు గిటార్లో బ్రిడ్జిని పలకకు అతికిస్తారు, తీగలు దాన్ని ముందుకు లాగి తిప్పాలని చూస్తాయి. లావు తీగలు వేస్తే కొన్నేళ్ళకు పలక ఉబ్బుతుంది. ఆర్చ్‌టాప్‌లో లాగుడు భారం టెయిల్‌పీస్‌ది, బ్రిడ్జి కిందికి నొక్కడమే చేస్తుంది. పన్నెండో నంబరు సెట్టు మొత్తం లాగుడు డెబ్బై మూడు కిలోల పైచిలుకు ఉంటుంది. బ్రిడ్జి దగ్గర తీగ పదమూడు డిగ్రీలు వంగితే అందులో పలకను నొక్కేది పదహారు కిలోలు మాత్రమే. వంపు తిరిగిన గట్టి స్ప్రూస్ పలక ఆ భారాన్ని ఇట్టే మోస్తుంది, పైగా ఆ నొక్కుడు ఉంటేనే బాగా పలుకుతుంది. మరీ సన్నటి తొమ్మిదో నంబరు సెట్టు వేస్తే అసలు సిసలు ఆర్చ్‌టాప్ నోరు విప్పదని వాయిద్యకారులు చెప్పేది ఇందుకే. అయితే ఈ వాదం చెక్కిన పలకకు వర్తించినంతగా అచ్చులో వత్తిన ప్లైవుడ్‌కు వర్తించదు. మన దుకాణాల్లోని చవక గిటార్ల పలక ప్లైవుడ్. అది ఎంత నొక్కినా ఒక మేరకే కదులుతుంది. మెడలో సర్దుబాటుకు వీలైన ఇనుప కడ్డీ లేని గిటార్‌కు పదమూడో నంబరు బిగిస్తే మెడ వంగి, తీగలు మెట్లకు దూరమై, కొంతకాలానికే పక్కన పెట్టాల్సి రావచ్చు.

పనిని బట్టి తీగ అనే మాటకు మన దేశంలోనే మంచి సాక్ష్యాలున్నాయి. ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ (1967) ఆల్బమ్‌లో గిటార్ వినిపించిన బ్రిజ్ భూషణ్ కాబ్రా ఆర్చ్‌టాప్‌ను ఒళ్ళో పడుకోబెట్టి, ఉక్కు కడ్డీ తీగ మీద జారుస్తూ వాయించాడు. మెట్ల మీద వేలితో నొక్కే అవసరం లేదు కాబట్టి లావు తీగ వేలికి భారం కాదు, పైగా కడ్డీ కింద నిలకడగా ఉంటుంది. విశ్వమోహన్ భట్ మోహన్ వీణ కూడా ఆర్చ్‌టాప్ గిటార్ నుంచి రూపుదిద్దుకున్నదే. 1994లో అమెరికన్ గిటార్ వాయిద్యకారుడు రై కూడర్‌తో కలిసి ఆయన గ్రామీ అందుకున్నది దానితోనే. గుంటూరు జిల్లాకే వస్తే, పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ భుజాన తంబురాతో ఆరుబయట జనసమూహాల ముందు బుర్రకథ చెప్పాడు. అక్కడ తంబురా మోత మోయనక్కర్లేదు. ఊరిని నిలబెట్టేది గొంతు, వంతల డక్కీలు. తీగ పని శ్రుతి తప్పకుండా నిలవడం, అంతే. అందుకే తంబురా తీగను కథకుడి గొంతు శ్రుతిని బట్టి ఎంచుతారు, జనం ఎందరన్నదాన్ని బట్టి కాదు. నాజర్ ఆత్మకథ పేరు ‘పింజారి’, అంటే దూదేకేవాడు. దూదేకేవాళ్ళ విల్లుకు పేగుతో పేనిన లావుపాటి నారి ఉండేది, దాన్ని కొయ్యతో బలంగా కొట్టేవారు. పత్తి గింజల నుంచి విడిపోయాక పోగులను విదిలించడం దాని పని కాబట్టి అక్కడ అంత లావు అవసరం. కొట్టే బలం ఉన్నచోట లావు నారి సార్థకం.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ పాలకొల్లు నుంచి వచ్చింది. మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. జంటలెందుకంటే, చిన్న పెట్టె నుంచి మోత రాబట్టడానికి. ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి విద్యుత్ మాండలిన్ తీసుకుని జంటలు తీసేశాడు, ఒంటి తీగలు ఉంచాడు, మంద్రం కోసం ఐదో తీగ చేర్చాడు. మోత సంగతి యాంప్లిఫయర్ చూసుకున్నప్పుడు తీగ గమకానికి ఖాళీ అయింది. తీగ మీద వేలు జారాలి, స్వరం ఊగాలి, జంట తీగలు ఆ పనికి అడ్డు. నా దృష్టిలో తీగల ఎంపిక గురించి తెలుగువాళ్ళు నేర్చుకోదగ్గ పాఠాల్లో ఇంతకన్నా స్పష్టమైనది లేదు. అక్కడ లోహం గొప్పది కాబట్టి మార్పు రాలేదు, పని మారింది కాబట్టి తీగ మారింది.

లోహం మాటకొస్తే, దుకాణంలో బ్రాంజ్ అని రాసి అమ్మే 80/20 తీగ నిజానికి ఇత్తడి: ఎనభై పాళ్ళు రాగి, ఇరవై పాళ్ళు జింకు. కొత్తలో మెరుపుగా పలుకుతుంది, చెమట తగిలితే త్వరగా చచ్చుబడుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగికి తగరం, కొద్దిగా ఫాస్ఫరస్ కలుస్తాయి, మెరుపు కాస్త తక్కువ, ఆయువు ఎక్కువ. 1974లో డి’అడారియో అనే తీగల కంపెనీ వీటిని ప్రవేశపెట్టింది. బాపట్ల, చీరాల తీరాన ఉప్పుగాలిలో వాయించేవాళ్ళకు రెండోదే మేలు. గిటార్‌కు అయస్కాంతపు పికప్ ఉంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. పికప్‌కు ఇనుము, నికెల్ వినిపిస్తాయి, రాగి వినిపించదు. బ్రాంజ్ చుట్టిన తీగల్లో లోపలి ఉక్కు మాత్రమే పలుకుతుంది, పైన చుట్టు లేని రెండు సన్న తీగలు మిగతావాటిని మింగేస్తాయి. అలాంటి గిటార్‌కు నికెల్ చుట్టే సరైనది. వేలు జారేటప్పుడు కీచుమనడం ఇష్టం లేనివారికి చదును పట్టీతో చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలున్నాయి. జాజ్ వాయిద్యకారులకు అవి ప్రీతి, పెద్ద బృందంలో మాత్రం వాటి గొంతు కాస్త మూగది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇప్పుడు చర్చిలోనైనా కోటప్పకొండ తిరునాళ్ళలోనైనా మైకులున్నాయి కదా, తీగ ఏదైతేనేం? మైకు మోత పెంచుతుంది గాని, తీగలో లేని స్వరాన్ని తేలేదు, వంగిన మెడను సరిచెయ్యలేదు. పైగా మైకు ఉందంటేనే లావు తీగకున్న ముఖ్య కారణం పోయినట్టు. మరొక అభ్యంతరం, ఖరీదైన విదేశీ తీగలు వేస్తే అన్నీ సర్దుకుంటాయని. మంచి తీగకు మందం అంతటా సమంగా ఉంటుంది, శ్రుతి నిలుస్తుంది, ఆ మేరకు డబ్బుకు విలువ ఉంది. కానీ ఆర్చ్‌టాప్‌లో బ్రిడ్జి అతికి ఉండదు, తీగల నొక్కుడుతోనే నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి విప్పితే అది జారిపోతుంది. మందం మార్చినప్పుడు దాని చోటూ మారాలి, లేకపోతే పన్నెండో మెట్టు దగ్గర స్వరం పైకో కిందికో పోతుంది. శ్రుతి కలవని గిటార్ విషయంలో నింద తీగ కంపెనీ మీద పడుతుంది. తప్పు చాలాసార్లు అర సెంటీమీటరు జరిగిన బ్రిడ్జిది.

కాబట్టి తీగలు కొనడానికి వెళ్ళేముందు మూడు సంగతులు చూసుకోండి. పలక చెక్కినదా, ప్లైవుడ్డా? మెడలో కడ్డీ ఉందా? మోత గాలిలోకి వెళ్తోందా, పికప్‌లోకా? ప్లైవుడ్ గిటార్, నేర్చుకునే పిల్లవాడు అయితే పది లేదా పదకొండో నంబరు ఫాస్ఫర్ బ్రాంజ్ చాలు. చెక్కిన పలక, బలమైన కుడిచెయ్యి, మైకు లేని చోటు, ఈ మూడూ ఉంటే పన్నెండు లేదా పదమూడు. పికప్ ఉంటే నికెల్. ఏ సెట్టయినా ఒక్కో తీగ విప్పి ఒక్కొక్కటే మార్చండి, చివర్లో పన్నెండో మెట్టు దగ్గర శ్రుతి సరిచూసి బ్రిడ్జిని జరపండి.