పాత యింటికి క్రొత్త తీగెలు

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు పట్టణములలో పాత యింటికి రంగు వేయించినచో వీధివారికెల్ల తెలియును. గోడలపై ప్రాకుచున్న కరెంటు తీగెల వయస్సు మాత్రము ఇంటి యజమానికైనను తెలియదు. తెలిసినది ఒక్క ఇల్లాలికే. తడిచేతితో గ్రైండరు ముట్టినపుడు జివ్వుమన్నదనియు, ఇస్త్రీపెట్టె ప్లగ్గు నల్లబడినదనియు, ముసురు పట్టిన దినములలో వంటయింటి గోడ తాకినచో తిమ్మిరెక్కుచున్నదనియు మొదట కనుగొనునది ఆమెయే కదా. "చెప్పులు తొడుగుకొని ముట్టుకొనుము" అను సమాధానముతో సంవత్సరములు గడచిపోవును. దీనికి కారణము ఖర్చు. ఇల్లంతయు తీగెలు మార్పించుట యనగా పెండ్లి ఖర్చు తలచుకొన్నట్లు పురుషులు బెదరుదురు. ఆ ఖర్చును ఎచ్చట తగ్గించుకొనవచ్చునో, ఎచ్చట తగ్గింపరాదో మన సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

విద్యుచ్ఛక్తి విషయమున మన ప్రాంతము ఎవరికిని తీసిపోదు. గద్వాల చెంత కృష్ణపై ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టున 234 మెగావాట్ల కేంద్రమును, దాని దిగువ 240 మెగావాట్ల కేంద్రమును కలవు. నాగరుకర్నూలు జిల్లాలోని నల్లమల కొండల గర్భమున శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము 900 మెగావాట్లది. ఆ భూగర్భ కేంద్రమందే 2020 ఆగష్టు 20వ తేదీ రాత్రి అగ్నిప్రమాదము సంభవించి తొమ్మండుగురు ప్రాణములు గోల్పోయిరి. ఇంజనీర్లు రేయింబవళ్లు కనిపెట్టుకొనియుండు చోటనే ఇట్లు జరిగినపుడు, అందరు నిద్రించు వేళ గోడలోని తీగె వేడెక్కినచో చూచువారెవరు?

2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేకపోయినది. సంతోషమే. కాని బిల్లు సున్న యైనంత మాత్రమున తీగె క్రొత్తది కాదు. మునుపు బిల్లునకు తీసియుంచు సొమ్మును అట్లే వేఱుగా దాచినచో ఈ పనికి అదియే మూలధనము కాగలదు.

ఇక పనికి వత్తము. ఇల్లంతయు మార్పవలెనని మేస్త్రీ చెప్పగనే ఒప్పుకొనరాదు. ముందుగా తీగెలను పరీక్ష చేయింపవలెను. మెగ్గరు అను పనిముట్టుతో 500 వోల్టుల ఒత్తిడి యిచ్చి, తీగెపై తొడుగు ఎంత గట్టిగా నున్నదో కొలుతురు. ఒక మెగోము కన్న తక్కువ చూపిన భాగమును ఉంచుకొనరాదు. టేకుపట్టీలపై మేకులతో బిగించిన రబ్బరు తొడుగు తీగెలకు ఈ పరీక్షయు అక్కరలేదు, వానిని తీసివేయవలసినదే. కాని తరువాతి కాలమున కట్టిన గదిలో పైపులలో నడచిన రాగితీగె పరీక్షకు నిలిచినచో దానిని కదల్పనేల? పరీక్ష కూలి కొద్దిపాటిదే. దానివలన ఒకటి రెండు గదుల ఖర్చు మిగులు సందర్భములు గలవు.

గోడల సంగతి మన ప్రాంతమున ముఖ్యమైనది. పాత మిద్దె యిండ్లు రాతితోను మట్టితోను కట్టినవి. పైన దూలములు, దంతెలు, మట్టికప్పు. హైదరాబాదు ఇండ్లను చూచి వచ్చినవారు ఇచ్చటను తీగెలు కనబడకుండ గోడలో గాడి కొట్టింప గోరుదురు. రాతి గోడలో గాడి తిన్నగా రాదు, మట్టి రాలును, ఒక్క అంగుళమునకు బదులు జానెడు ఊడివచ్చును. పిమ్మట గారచేయు మేస్త్రీ, సున్నము, రంగు, కూలి. ఇవన్నియు కూడి తీగెల వెలతో పోటీపడును. దానికి బదులు గోడపైననే ప్లాస్టిక్కు కేసింగు పట్టీ వేయించినచో గోడ చెక్కుచెదరదు, పని త్వరగా తెమలును, రేపు మఱమ్మతు వచ్చినపుడు మూత తీసి చూచుకొనవచ్చును. పూర్వపు కొయ్యపట్టీలకు వలె దీనికి చెదల భయము లేదు. అందము చాలదనువారు గోడరంగే పట్టీకిని పూయించుకొందురు గాక.

గద్వాల నేతవారి యిండ్లకు మఱియొక మాట. గుంటమగ్గము కడ కాళ్లు నేలలోనుండును, ఆ నేల చెమ్మగానుండును. మగ్గముపై దీపమునకై ఎక్కడినుండియో అతుకుల తీగె తెచ్చి వ్రేలాడదీయుట కలదు. ఆ దీపమునకు ప్రత్యేకముగా పైపులో తీగె నడిపి స్థిరమైన హోల్డరు పెట్టించుట ఇతర గదుల కన్న ముందుగా జరుగవలసిన పని.

సరకు కొనుటకు ముందు ఇల్లాలు ఒక సుద్దముక్క పట్టుకొని ఇల్లంతయు తిరుగవలెను. దీపమెచ్చట, ఫ్యానెచ్చట, ఫ్రిజ్జెచ్చట, మిక్సీ ఎచ్చట అని గోడపై గుర్తులు పెట్టి, అవియే కాగితముపైకి ఎక్కింపవలెను. పురుషులు గీసిన పటములో వంటయింటికి ఒక్కటే ప్లగ్గు ఉండుట మే మెఱుగుదుము! పిదప ఒక్కొక్క తీగె దూరమును టేపుతో కొలిచి, అతుకులు లేకుండ తుదిముట్ట వచ్చునట్లు లెక్క వేయవలెను. వైరు చుట్ట సాధారణముగా 90 మీటర్లు. దీపములకు ఫ్యానులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె, మిక్సీ ఫ్రిజ్జుల ప్లగ్గులకు 2.5, గీజరునకు ఏసీకి 4 వాడుట వాడుక. విప్పని చుట్టలను తిరిగి తీసికొందునని దుకాణదారు బిల్లుపై వ్రాసి యిచ్చునట్లు చూచుకొనుడు. ఐ.ఎస్.ఐ. ముద్ర క్రింద లైసెన్సు సంఖ్య యుండును, దానిని బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో కొట్టిన నిజమో నకిలీయో తేలిపోవును. బిల్లు లేకుండ కొన్నచో పన్ను మిగులుననువారి మాట వినరాదు. సరకు చెడినపుడు అడుగుటకు ఆధారముండదు.

కూలి సాధారణముగా పాయింటు లెక్కన మాటలాడుకొందురు. తగవులన్నియు ఇచ్చటనే పుట్టును. ఒక దీపము, దాని స్విచ్చి కలిసి ఒక పాయింటా, రెండా? మెట్లకడ రెండు స్విచ్చుల దీపమును ఎట్లు లెక్కించవలెను? మెయిను బోర్డు, ఎర్తుగుంట అందు చేరినవా? ఇవన్నియు ముందే కాగితముపై పెట్టింపవలెను. ఊడదీసిన పాత రాగి ఎవరికి చెందునో అదియు వ్రాయింపుడు. అది ఇంటివారిదే, తూకమునకు మంచి వెల పలుకును. తొడుగును కాల్చి రాగి తీయరాదు, ఆ పొగ పిల్లలకు విషము. సున్నమునకు రంగునకు తలపెట్టిన సంవత్సరమే, రంగునకు ముందు ఈ పని ముగించినచో గోడలకు రెండుమాఱులు ఖర్చు తగులదు.

ఇక పొదుపు పనికిరాని తావులు. ఎం.సి.బి. పెట్టించితిమి గదా, ఇక భయమేమి యనుకొనుట పొరబాటు. అది తీగెను కాపాడునది. మనిషిని కాపాడునది కాదు. తడిచేతికి కరెంటు తగిలినపుడు, 30 మిల్లీ ఆంపియర్ల తేడాను గ్రహించి రెప్పపాటులో సరఫరా తెంచునది ఆర్.సి.సి.బి. పాత యిండ్లలో గదుల న్యూట్రలు తీగెలు ఒకదానితో నొకటి కలిసిపోయి యుండును. అందుచే ఇది మాటిమాటికి పడిపోవును. అప్పుడు విసిగి దానిని తప్పించి నేరుగా కలుపు మేస్త్రీలు కలరు. కొని పెట్టిన సొమ్ము వ్యర్థమై ప్రాణరక్షణయు పోవును. న్యూట్రళ్లను విడదీయించుటకు ఒక దినపు కూలి ఎక్కువైనను ఈయవలసినదే. మూడవదగు ఎర్తు తీగె ప్రతి ప్లగ్గునకు నుండవలెను. ఎర్తు పైపు రెండున్నర మీటర్లకు తగ్గరాదు. మన రాతినేలలో, వేసవిలో, ఆ గుంట ఎండిపోవును. తులసికోటకు నీరు పోయునపుడు దానికిని ఒక చెంబెడు పోయుట మంచిది.

మీటరు సీలును ఎవ్వరును త్రెంపరాదు. అచ్చటి పని విద్యుత్ పంపిణీ సంస్థవారిది. మీటరునకు ఇవతల పనికి ప్రభుత్వపు పర్మిట్టు గల వైర్‌మ్యానునే పిలువవలెను. కూలిలో కొంత ఆపియుంచి, పని ముగిసిన నాడు మెగ్గరు పరీక్ష మఱల చేయింపుడు. ఆర్.సి.సి.బి.పై టెస్టు అని వ్రాసిన మీటను ఇల్లాలు స్వయముగా నొక్కవలెను. వెంటనే సరఫరా ఆగినచో మిగిలిన సొమ్ము చెల్లింపవచ్చును. మీరు గీసిన పటమును ఏ స్విచ్చి ఏ గదిదో వ్రాసి మెయిను బోర్డు తలుపు లోపల అంటించుడు. నెలకొకమాఱు ఆ మీటను నొక్కి చూచుట మఱువకుడు.