రిసొట్టో: గంజి వార్చని ఇటలీ అన్నం (అపోహలు – వాస్తవాలు)

రిసొట్టో ఉత్తర ఇటలీ ప్రజల అన్నం. ఇటాలియన్ భాషలో 'రీసో' అంటే బియ్యం; రిసొట్టో అన్న పేరు దాని నుంచే వచ్చింది. బియ్యాన్ని వెన్నలో కాసేపు వేయించి, మరుగుతున్న స్టాక్‌ను (మాంసం లేదా కూరగాయలు ఉడికించిన రసం) కొద్దికొద్దిగా పోస్తూ ఉడికించి, పొయ్యి మీంచి దించాక మళ్ళీ వెన్న, పర్మెజాన్ చీజ్ కలుపుతారు. గింజ పలుకు మీద ఉంటుంది, దాని చుట్టూ చిక్కటి గంజి పట్టి ఉంటుంది. తెలుగు వంటింట్లో అన్నం వండే పద్ధతులు ప్రధానంగా రెండు. ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చడం ఒకటి, నీళ్ళు కొలిచి పోసే అత్తెసరు రెండోది. రిసొట్టోలో గంజిని వార్చకపోవడమే కాదు, దాన్ని కావాలని తీసి, చిక్కబరచి, అన్నానికి పట్టిస్తారు. ఈ వంట గురించి ప్రచారంలో ఉన్న అపోహల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి తెలియక పుట్టినవే.

అపోహ: రిసొట్టో అంటే ఇటలీ వాళ్ళ పులావు.

పోలిక పైపైదే. ఉల్లిపాయ, కొవ్వు, వేయించిన బియ్యం రెండింటిలోనూ ఉంటాయి. పులావులో మాత్రం గింజకు గింజ విడివడాలి. అందుకే బాస్మతిని కడిగి నానబెడతారు. హైదరాబాదీ బిర్యానీలోనైతే బియ్యాన్ని సగం ఉడికించి, నీళ్ళన్నీ వార్చేసి దమ్‌కు పెడతారు. అక్కడ పారబోసేదే ఇక్కడ కావలసిన సరుకు. పళ్ళెంలో వడ్డించిన రిసొట్టో కుప్పగా నిలబడకూడదు. పళ్ళేన్ని కాస్త వంచితే అలలా సాగి జారాలి. ఈ పాకాన్ని ఇటాలియన్లు 'అల్లోండా' అంటారు, 'ఓండా' అంటే అల. తెలుగువారికి దగ్గరి పోలిక కావాలంటే పులావు కన్నా కట్టెపొంగలి నయం. అయితే పొంగలిలో గింజ మెదిగిపోతుంది, రిసొట్టోలో మెదగకూడదు.

అపోహ: ఇది రోమన్ చక్రవర్తుల నాటి వంట.

ప్రాచీన రోమన్లకు బియ్యం తెలుసు, కానీ అది దూరదేశాల నుంచి వచ్చే ఖరీదైన మందు దినుసు. కడుపు నొప్పికి గంజి కాచి తాగించేవారు. ఉత్తర ఇటలీలో వరి సాగు 15వ శతాబ్దంలో ఊపందుకుంది. మిలన్ పాలకుడు గలెయాజ్జో మరియా స్ఫోర్జా ఫెరారా డ్యూకుకు 12 బస్తాల విత్తనపు వడ్లు పంపుతూ రాసిన 1475 నాటి లేఖ దీనికి ప్రసిద్ధమైన ఆధారం. పో నది మైదానంలోని చిత్తడి నేలలు వరికి సరిగ్గా కుదిరాయి.

మిలన్ రిసొట్టో పసుపుపచ్చటి రంగు గురించి అందమైన కథ ఒకటుంది. మిలన్ కేథడ్రల్‌కు రంగుటద్దాలు చేస్తున్న కళాకారుడి శిష్యుడు ప్రతి రంగులోనూ కుంకుమపువ్వు కలిపేవాడట. 1574లో గురువుగారి కూతురి పెళ్ళిలో అన్నంలోనూ కలిపించాడట. ఈ కథకు ఆ కాలపు ఆధారం లేదు. బియ్యాన్ని ముందు కొవ్వులో వేయించి, తర్వాత స్టాక్ పోసి వండే పద్ధతి వంట పుస్తకాల్లో స్థిరపడింది 19వ శతాబ్దంలో. ఫెలిచె లురాస్కి 1829లో మిలన్‌లో అచ్చు వేయించిన వంట పుస్తకంలో ఇది 'మిలన్ పద్ధతి పసుపుపచ్చ రిసొట్టో' పేరుతోనే ఉంది. పెల్లెగ్రీనో అర్తూసి 1891 నాటి ప్రసిద్ధ గ్రంథంలో దీనికి మూడు పద్ధతులు ఇచ్చాడు.

పో మైదానపు వరి పొలాలకు తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది, ఎవరూ పెద్దగా తలచుకోనిది. ఈస్టిండియా కంపెనీ సైన్యపు ఇంజినీరు రిచర్డ్ బెయర్డ్ స్మిత్ పియెమోంతె, లొంబార్డీ కాలువలను పరిశీలించి 1850లలో ఇటలీ నీటిపారుదలపై రెండు సంపుటాల గ్రంథం వెలువరించాడు. కావేరి, కృష్ణా, గోదావరి నదులపై కట్టిన పనుల మీద 1856లో నివేదిక ఇచ్చిందీ ఆయనే. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దశాబ్దంన్నరకు, 1866 నాటికి, పో నది నుంచి 80 కిలోమీటర్లకు పైగా సాగే కవూర్ కాలువ సిద్ధమై వెర్చెల్లి, నొవారా వరి పొలాలకు నీరందించింది. ఆ మడుల్లో మోకాలి లోతు నీళ్ళలో వంగి కలుపు తీసి, నాట్లు వేసింది ఆడ కూలీలు. వాళ్ళను 'మొందీనె' అనేవారు. జ్యుసెప్పె దె సాంతిస్ 1949లో తీసిన 'రీసో అమారో' సినిమా వాళ్ళ బతుకు మీదే. రిసొట్టోను నక్షత్ర హోటళ్ళ వంటగా మాత్రమే చూసేవారికి ఈ కూలీల చెమట కూడా తెలియాలి.

అపోహ: రిసొట్టోకు పొట్టి గింజ బియ్యం కావాలి.

హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో సంచుల కొద్దీ అమ్ముడయ్యే సన్నబియ్యం పక్కన రిసొట్టోకు వాడే ఆర్బోరియో గింజను పెట్టి చూస్తే ఈ అపోహ అక్కడికక్కడే తీరిపోతుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) గింజ పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. ఆర్బోరియో, మరో రిసొట్టో రకమైన కార్నరోలి గింజలు 6 మిల్లీమీటర్లు దాటుతాయి. యూరప్ వర్గీకరణలో అవి పొడుగు గింజల కిందే లెక్క. తేడా లావులో ఉంది. గింజ లావుగా ఉంటే పైపొర గంజి వదులుతున్నా లోపలి పలుకు నిలుస్తుంది.

ఇంకో విశేషం: వీటి గింజ నడుమ సుద్దలాంటి తెల్లటి మచ్చ ఉంటుంది. మన మిల్లుల్లో అలాంటి మచ్చ ఉంటే ధర తగ్గిస్తారు. అక్కడ దానికి 'ముత్యం' అని పేరు పెట్టుకున్నారు.

ఈ రకాలు తరతరాల పాతవి అనుకోవడమూ సరికాదు. సంకరం చేసి రూపొందించిన వియలోనె నానో 1937లో, కార్నరోలి 1945లో, ఆర్బోరియో 1946లో వచ్చాయి. ఆర్బోరియో వెర్చెల్లి జిల్లాలోని ఒక ఊరి పేరు. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు భాగాలుంటాయి. రెండోది జిగురునిస్తుంది, మొదటిది గింజను గట్టిగా నిలుపుతుంది. కార్నరోలిలో అమైలోజ్ ఆర్బోరియోలో కన్నా ఎక్కువ. ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమైనా చిమిడిపోదు. కొత్తగా నేర్చుకునేవారికి అదే మేలు.

మరి ఇంట్లో ఉన్న సన్నబియ్యంతో చేయకూడదా? చేయవచ్చు. కొత్త బియ్యం గంజి బాగా వదులుతుంది, కానీ సన్న గింజ తొందరగా ఉడుకుతుంది కనుక పలుకు నిలవదు. ఫలితం రుచిగానే ఉంటుంది, రిసొట్టో కన్నా పొంగలికి దగ్గరగా ఉంటుంది. పాత బియ్యం, బాస్మతి ఈ పనికి అసలు నప్పవు.

అపోహ: ఏ అన్నానికైనా ముందు బియ్యం రెండు మూడు సార్లు కడగాలి.

తెలుగు ఇళ్ళలో బియ్యం కడగకుండా పొయ్యి మీద పెట్టడం ఊహకు అందదు. రిసొట్టోకు మాత్రం కడగరు, నానబెట్టరు. కడిగిన నీళ్ళ తెలుపంతా గింజ పైనుండే పిండే. అది పోతే చిక్కదనంలో కొంత భాగం ముందే పారబోసినట్టు. ప్యాకెట్లో వచ్చే రిసొట్టో బియ్యం శుభ్రం చేసినదే. విడి బియ్యమైతే చెరిగి, రాళ్ళు ఏరుకుంటే చాలు. వేయించడం వల్లే చిక్కదనం వస్తుందన్న మాట కూడా ఉంది. నిజానికి వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది, గింజ పైపొర గట్టిపడి చిదగకుండా ఉంటుంది. మరీ ఎర్రగా వేయిస్తే గంజి తగ్గుతుంది కూడా. గింజ అంచులు అద్దంలా మెరిసి, చేతికి వేడి తగిలితే ఆపాలి.

అపోహ: వైన్ లేకపోతే రిసొట్టో కాదు.

అర్తూసి ఇచ్చిన మూడు మిలన్ పద్ధతుల్లో మొదటి దానిలో వైన్ లేదు. వైన్ చేసే పని వెన్న, చీజ్ బరువును తగ్గించే పులుపునివ్వడం. చివర్లో అర చెంచా నిమ్మరసం ఆ పనిలో కొంత చేస్తుంది. కుంకుమపువ్వుకు బదులు పసుపు మాత్రం కుదరదు. రంగు వస్తుంది, వాసన వేరు.

అపోహ: గరిటె ఒక్క క్షణం ఆపినా పాడైపోతుంది.

చాలామందిని ఈ వంటకు దూరం పెట్టింది ఈ మాటే. కలపడం వల్ల గింజలు ఒకదానికొకటి రాసుకుని పిండి వదులుతాయి, అడుగంటకుండా ఉంటుంది. అందుకు నిమిషానికోసారి తిప్పినా చాలు. ఆపకుండా కలిపితే గింజ విరుగుతుంది, గిన్నె చల్లారుతుంది. దీనికి ఇటలీలోనే సాక్ష్యం ఉంది. మాంతువా ప్రాంతంలో వడ్లు దంచే మిల్లు కూలీలను 'పిలోతా' అనేవారు. వాళ్ళ పేరున్న 'రిసొట్టో అల్లా పిలోతా'లో కొలిచి పెట్టిన ఎసట్లో బియ్యాన్ని గోపురంలా పోస్తారు, కొన నీళ్ళ పైకి కనిపించేలా. కాసేపు ఉడికాక మూతపెట్టి, గుడ్డ కప్పి వదిలేస్తారు, చివర్లో పంది మాంసపు కూర కలుపుతారు. గరిటె పెట్టరు. తెలుగులో దీనికి సరైన పేరు అత్తెసరే. అది జారుడుగా కాక పొడిపొడిగా వస్తుంది, అయినా రిసొట్టోయే. ప్రెషర్ కుక్కర్‌లో వండడమూ తప్పు కాదు, ఇటలీ ఇళ్ళలోనూ వండుతారు. ప్రెషర్ వచ్చాక ఆరేడు నిమిషాలు చాలు.

మామూలు పద్ధతిలో నలుగురికి 320 గ్రాముల బియ్యం, లీటరుంపావు నుంచి లీటరున్నర స్టాక్ పడుతుంది. స్టాక్ పక్క పొయ్యి మీద మరుగుతూనే ఉండాలి. చల్లటిది పోస్తే ఉడుకు ఆగిపోయి గింజ అసమంగా ఉడుకుతుంది. మొత్తం 16 నుంచి 18 నిమిషాలు. గింజ కొరికితే నడుమ సన్నటి పలుకు తగలాలి, పిండి రుచి రాకూడదు. దీన్ని 'పచ్చి అన్నం' అనుకుని ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే ముద్దైపోతుంది.

అపోహ: ఆ వెన్నలాంటి నునుపు క్రీమ్ వల్ల వస్తుంది.

అసలు పద్ధతిలో క్రీమ్ లేదు. పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి, చల్లటి వెన్న ముక్కలు, తురిమిన చీజ్ వేసి గట్టిగా కలుపుతారు. దీని పేరు 'మంతెకతూరా'. గంజిలోని పిండి కొవ్వును పట్టుకుని విడిపోనివ్వదు. మజ్జిగ పులుసులో శనగపిండి పెరుగును విరగనివ్వనట్టే ఇదీ. క్రీమ్ పోస్తే చిక్కదనం సులువుగా వస్తుంది, బియ్యపు రుచి అడుగున పడిపోతుంది. గంజి సరిగ్గా తీయని వంటకు అది అతుకు మాత్రమే.

అపోహ: మాంసం ముక్క కనిపించడం లేదు కనుక శాకాహారమే.

శాకాహారులు జాగ్రత్తగా చూసుకోవలసింది ఇక్కడే. సంప్రదాయ మిలన్ రిసొట్టోను మాంసపు స్టాక్‌తో, ఎద్దు మూలుగతో వండుతారు. కూరగాయల స్టాక్‌తో చేసినా చీజ్ మిగిలి ఉంటుంది. అసలు పర్మెజాన్ అయిన పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి వాడేది లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్; ఆ చీజ్ నిబంధన ప్రకారమే అది తప్పనిసరి. శాకాహారులకు రెన్నెట్ మొక్కల నుంచో, సూక్ష్మజీవుల నుంచో వచ్చిందని రాసి ఉన్న గట్టి చీజ్ కావాలి. హోటల్లో అయితే స్టాక్ ఏమిటి, చీజ్ ఏమిటి అని రెండూ అడగాలి.

అపోహ: మిగిలిన రిసొట్టోను మళ్ళీ వేడిచేసి తినవచ్చు.

చల్లారితే గంజి బిగుసుకుపోతుంది. వేడిచేస్తే గింజ మెత్తబడుతుందే తప్ప ఆ జారుడు తిరిగి రాదు. పైగా అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషాన్ని తయారుచేస్తుంది, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మిలన్ వాళ్ళు ఆ బిగుసుకున్న రిసొట్టోను మర్నాడు పెనం మీద వెన్న వేసి, అట్టులా పలచగా అదిమి, రెండు వైపులా ఎర్రగా కరకరలాడేలా కాలుస్తారు. దాని పేరు 'రీసో అల్ సాల్తో'.