హోమ్ థియేటర్: బేస్‌మెంట్‌లో ప్రొజెక్టర్ పెడుతున్నారా? గోడలకు లప్పం పూయకముందే ఈ లెక్కలు చూసుకోండి

కొత్త సినిమా ఓటీటీలోకి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ కూర్చుని పెద్ద తెరపై చూడాలని అందరికీ ఉంటుంది. అందుకే ఇప్పుడు విల్లాలు, ఇండిపెండెంట్ ఇళ్లు కట్టుకునేవాళ్లు బేస్‌మెంట్‌లో ఒక గదిని థియేటర్ కోసం వదిలేస్తున్నారు. చీకటిగా ఉంటుంది, సౌండ్ పక్కింటికి పెద్దగా వెళ్లదు. హోమ్ థియేటర్‌కు ఇంతకంటే మంచి చోటు ఇంట్లో మరొకటి దొరకదు.

కానీ చాలామంది చేసే పని ఏంటంటే, ముందు ప్రొజెక్టర్ కొనేస్తారు. వైరింగ్ సంగతి ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడులే అనుకుంటారు. ప్రొజెక్టర్ ఐదారేళ్లకు మారిపోతుంది, గోడలోని పైపు మాత్రం ఇల్లున్నంతకాలం ఉంటుంది. పెయింట్ అయ్యాక మళ్లీ గోడ పగలగొట్టాలంటే లప్పం, పెయింట్, ఫాల్స్ సీలింగ్ అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మరి ఏది ముందు, ఏది తర్వాత? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు చెమ్మ సంగతి తేల్చండి

బేస్‌మెంట్ గోడల అవతల ఉండేది మట్టి. వానాకాలంలో ఆ మట్టిలోని తడి గోడలోకి దిగుతుంది. వాటర్ ప్రూఫింగ్ సరిగా లేకపోతే చెమ్మ ముందు పెయింట్‌ను లేపేస్తుంది, తర్వాత కార్పెట్‌ను, ఆ తర్వాత ప్రొజెక్టర్ బోర్డును దెబ్బతీస్తుంది. అందుకే కనీసం ఒక వానాకాలం గడిచాక గోడలు చూసుకుని ఇంటీరియర్ పని మొదలుపెట్టడం మేలు.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. 2024 జులైలో ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వరద నీరు దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. వీధి కంటే కిందున్న గదిలోకి నీళ్లు చాలా వేగంగా చేరతాయి. మెట్ల దగ్గర గట్టు, నీళ్లు తోడే పంపు, తలుపు బయటకు వెళ్లే దారికి ఏదీ అడ్డు లేకపోవడం.. ఈ మూడూ తప్పనిసరి. అలాగే మీ అప్రూవ్డ్ ప్లాన్‌లో బేస్‌మెంట్‌ను దేనికోసం చూపించారో చూసుకోండి. పార్కింగ్ అని ఉంటే దాన్ని థియేటర్‌గా మార్చడం కుదరదు.

స్క్రీన్ ఎంత సైజు పెట్టాలి?

ఉదాహరణకు 20 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తున్న గది తీసుకుందాం. 120 ఇంచుల స్క్రీన్ అంటే వెడల్పు సుమారు 8 అడుగుల 9 ఇంచులు, ఎత్తు దాదాపు 5 అడుగులు. అటూ ఇటూ స్పీకర్లకు రెండేసి అడుగుల చోటు మిగులుతుంది. నేల నుంచి 2 అడుగుల ఎత్తులో స్క్రీన్ మొదలుపెడితే 7 అడుగుల దగ్గర పూర్తవుతుంది.

కూర్చునే దూరానికి ఓ సింపుల్ లెక్క ఉంది. స్క్రీన్ సైజుకు 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో సోఫా ఉండాలి. అంటే 120 ఇంచులకు 12 నుంచి 16 అడుగులు. 100 ఇంచులైతే 10 నుంచి 13 అడుగులు సరిపోతుంది. గది 14 అడుగులే ఉంటే 150 ఇంచుల తెరకు ఆశపడొద్దు. మెడ నొప్పి తప్ప మరేమీ మిగలదు.

త్రో రేషియో అంటే ఏంటి?

ప్రొజెక్టర్ బాక్సు మీద కనిపించే నంబర్లలో ముందు చూడాల్సింది ఇదే. లెన్స్ నుంచి స్క్రీన్‌కు ఉన్న దూరాన్ని స్క్రీన్ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే త్రో రేషియో. 1.2 నుంచి 1.5 అని ఉంటే, మన 120 ఇంచుల స్క్రీన్‌కు ఆ ప్రొజెక్టర్‌ను పదిన్నర అడుగుల నుంచి 13 అడుగుల మధ్యలో ఎక్కడైనా బిగించొచ్చు. ఇంకా వెనక్కి జరిపితే బొమ్మ తెర దాటిపోతుంది.

ఇక్కడే చాలామంది బీమ్‌ను మర్చిపోతారు. బేస్‌మెంట్ స్లాబ్ కింద అడుగు, అడుగున్నర దిగిన బీమ్‌లు మామూలే. ప్రొజెక్టర్‌కూ స్క్రీన్‌కూ మధ్యలో బీమ్ ఉంటే వెలుతురు దానికి తగిలి తెరపై నీడ పడుతుంది. అప్పుడు ప్రొజెక్టర్‌ను బీమ్ కంటే కిందకు దించాలి, లేదా బీమ్‌కు ముందుకు తేవాలి. కాబట్టి షోరూమ్‌కు వెళ్లేముందే టేపు పట్టుకుని బీమ్ కింది ఎత్తు కొలుచుకోండి. లెన్స్ షిఫ్ట్ ఉన్న మోడల్ అయితే ప్రొజెక్టర్‌ను కదపకుండానే బొమ్మను పైకీ కిందకీ జరుపుకోవచ్చు. కీస్టోన్‌తో సరిచేయొచ్చు అంటారు కానీ, దాంతో కొన్ని పిక్సెల్స్ వృథా అయ్యి బొమ్మ పదును తగ్గుతుంది.

ల్యూమెన్స్ నంబర్లు చూసి మోసపోవద్దు

ఆన్‌లైన్‌లో పదివేల రూపాయల ప్రొజెక్టర్‌కు కూడా వేలకు వేల ల్యూమెన్స్ అని రాస్తారు. చూడాల్సింది ఆన్సీ ల్యూమెన్స్ లేదా ఐఎస్‌ఓ ల్యూమెన్స్. ఆ పేరు లేకుండా ఉత్త ల్యూమెన్స్ అని ఉంటే ఆ నంబర్‌ను నమ్మడం కష్టం. పూర్తిగా చీకటి చేయగలిగే బేస్‌మెంట్‌లో 120 ఇంచుల తెరకు నిజమైన 2000 ల్యూమెన్స్ సరిపోతాయి. సినిమా మోడ్ పెట్టాక వెలుతురు సగానికి పడిపోయినా మామూలు థియేటర్ తెర కంటే తక్కువేమీ ఉండదు.

చీకటి గదిలో వెలుతురు కంటే నలుపు ముఖ్యం. రాత్రి సీన్లలో నలుపు బూడిద రంగులా కనిపిస్తే సినిమా మజా పోతుంది. అందుకే మిగిలిన బడ్జెట్ కాంట్రాస్ట్ మీద పెట్టండి. గోడలకు, ముఖ్యంగా సీలింగ్‌కు తెల్ల రంగు వద్దు. ముదురు రంగు మ్యాట్ పెయింట్ వేస్తే తెర మీది వెలుతురు గదంతా తిరిగి మళ్లీ తెర మీదకు రాదు.

మరో విషయం, '4కే సపోర్ట్' వేరు, '4కే రిజల్యూషన్' వేరు. సపోర్ట్ అంటే 4కే వీడియోను తీసుకుంటుందని మాత్రమే అర్థం. తెర మీద వేసేది అంతకంటే చాలా తక్కువ కావొచ్చు. స్పెసిఫికేషన్‌లో 'నేటివ్ రిజల్యూషన్' అనే లైన్ వెతకండి.

ల్యాంపా? లేజరా?

ల్యాంప్ ప్రొజెక్టర్ చవక, కానీ బల్బు 3000 నుంచి 5000 గంటలే వస్తుంది. రోజుకు 3 గంటలు చూస్తే నాలుగేళ్ల లోపే మార్చాల్సి రావొచ్చు. లేజర్ అయితే 20 వేల గంటలు వస్తుందని కంపెనీలు చెబుతాయి. ఇంకో తేడా కూడా ఉంది. సినిమా మధ్యలో కరెంట్ పోతే కూలింగ్ ఫ్యాన్ ఆగిపోయి వేడి మీదున్న ల్యాంప్ దెబ్బతినొచ్చు. ల్యాంప్ మోడల్ తీసుకుంటే చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోండి.

అసలు సంగతి.. పైపు సైజు!

మామూలుగా ఇళ్లలో 20, 25 ఎంఎం పైపులు వేస్తారు. హెచ్‌డీఎంఐ కేబుల్ తలే సుమారు 20 ఎంఎం ఉంటుంది. 25 ఎంఎం పైపులో మొదటి వంపు దగ్గరే ఇరుక్కుపోతుంది. ప్రొజెక్టర్ నుంచి ఏవీ రిసీవర్ ఉండే చోటు వరకు 40 లేదా 50 ఎంఎం పైపు వేయించండి. ఎల్ ఆకారపు మూలలు వద్దు, మెల్లగా తిరిగే పొడవు బెండ్లు వాడమనండి. లోపల ఒక లాగుడు తాడు వదిలేస్తే రేపు ఏ కొత్త కేబుల్ వచ్చినా గోడ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు.

కేబుల్ పొడవు లెక్క కూడా తప్పుతుంటుంది. స్క్రీన్‌కు 13 అడుగుల్లోనే ప్రొజెక్టర్ ఉన్నా, కేబుల్ గోడ ఎక్కి, సీలింగ్ మీదుగా తిరిగి రావాలి. కాస్త వదులు కలుపుకుంటే 25 అడుగులు, అంటే ఏడున్నర మీటర్లు దాటుతుంది. 4కే సిగ్నల్‌కు మామూలు రాగి హెచ్‌డీఎంఐని 5 మీటర్లు దాటాక పూర్తిగా నమ్మలేం. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దీనికి ఒకటే దిశ ఉంటుంది. 'సోర్స్' అని రాసిన కొన రిసీవర్ వైపు, 'డిస్‌ప్లే' కొన ప్రొజెక్టర్ వైపు రావాలి. తిప్పి లాగితే బొమ్మే రాదు. పైపులోకి తోసేముందు ఒకసారి బయటే కలిపి టెస్ట్ చేయండి. తోడుగా ఒక క్యాట్ 6 కేబుల్ కూడా లాగించండి.

స్పీకర్ వైర్లు, కరెంట్ పాయింట్లు

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. అట్మాస్ కావాలంటే సీలింగ్‌లో రెండు లేదా నాలుగు అదనం. ఇప్పుడు కొనకపోయినా వైర్లు మాత్రం ఇప్పుడే వేయించండి. 1.5 నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం పూర్తి రాగి వైరు కావాలి. అల్యూమినియం మీద రాగి పూత ఉన్న వైర్లు చవకగా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. సబ్‌వూఫర్‌కు సిగ్నల్ కేబుల్‌తో పాటు దగ్గర్లో ప్లగ్ పాయింట్ కూడా ఉండాలి.

కరెంట్ వైర్లను, సిగ్నల్ కేబుళ్లను ఒకే పైపులో ఎప్పుడూ వేయొద్దు. మధ్యలో కనీసం అడుగు దూరం ఉంచాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. థియేటర్‌కు ప్రత్యేక ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఏసీకి వేరే లైన్. ప్లగ్ పాయింట్లు నేలకు కనీసం 2 అడుగుల ఎత్తులో పెట్టించండి. మెయిన్ స్విచ్ మాత్రం పై అంతస్తులోనే ఉండాలి. నీళ్లొస్తే కిందకు దిగకుండానే కరెంట్ ఆపేయొచ్చు.

అమెరికా నుంచి తెప్పించుకుంటున్నారా?

అక్కడున్న మనవాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు ప్రొజెక్టర్, రిసీవర్ తెమ్మని అడగడం మామూలే. చాలా ప్రొజెక్టర్లు 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి. కానీ అక్కడ అమ్మే ఏవీ రిసీవర్లు చాలావరకు 120 వోల్టులవే. మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెడితే కాలిపోతుంది. వెనకున్న లేబుల్ ఫొటో తెప్పించుకుని చూశాకే చెప్పండి. ఇక న్యూజెర్సీ, వర్జీనియాల్లో సొంత బేస్‌మెంట్ రెడీ చేయించుకుంటున్నవాళ్లు గోడ లోపల వేసే కేబుల్‌పై సీఎల్2 లేదా సీఎల్3 అనే ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. నిప్పు పాకకుండా ఉండేందుకు పెట్టిన నిబంధన ఇది.

మొత్తంగా వరుస ఇదీ.. ముందు వాటర్ ప్రూఫింగ్, తర్వాత గది కొలతలు, ఆపై స్క్రీన్ సైజు, త్రో దూరం. అప్పుడు పైపులు, వైర్లు. వాటి తర్వాతే లప్పం, పెయింట్. ప్రొజెక్టర్ అన్నిటికంటే చివర. గోడలు మూసేముందు పైపులు వెళ్లిన దారిని ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు స్క్రీన్ బిగించేవాడు డ్రిల్ పట్టుకుని వచ్చినప్పుడు ఎక్కడ బొక్క పెట్టకూడదో ఆ ఫొటోలే చెబుతాయి.